పలనాటి నేల – చెట్ల ఆకలి

పలనాడు అనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కారెంపూడి రణరంగము మనకు స్ఫురణకు వచ్చును. ఆ వీరగాథలకు ఆధారమైన నేలను గూర్చి తలచువారు తక్కువ. శ్రీనాథుని పేర వాడుకలో నున్న చాటువులు మాత్రము దానిని మరువలేదు. రాళ్లు, జొన్నకూడు, నీటి కరవు – ఇవియే వానిలో వినవచ్చు ఫిర్యాదులు. కవిని విసిగించిన ఆ రాళ్లు సామాన్యమైనవి కావు. మాచర్ల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతములలో సున్నపురాతి పొరలు విస్తారముగా పరచుకొని యున్నవి. ఇండ్లలో పరచు నాపరాళ్లకు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు, సిమెంటు కర్మాగారములకు ఆ పొరలే ఆధారము. ఇందరికి జీవనోపాధి కల్పించిన ఆ సున్నము చెట్లకు మాత్రము ఒక చిత్రమైన చిక్కు తెచ్చిపెట్టుచున్నది.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీరు వచ్చిన పిమ్మట పలనాటి సేద్యము రూపు మారెను. మెట్టపైరులతో పాటు నిమ్మ, బత్తాయి, మామిడి తోటలు పెంచుటకును వీలు కలిగెను. తోట పెంచుట ఒక పంట వేయుట వంటిది కాదు. బత్తాయి మొక్క నాటిన రైతు నాలుగైదేండ్లు కాపు లేకుండనే పెట్టుబడి పెట్టవలెను. అట్లు పెంచిన చెట్టు కాపునకు వచ్చు వేళ క్రొత్త చిగురు పసుపుపచ్చగా పాలిపోవుట కొన్ని తోటలలో కానవచ్చును. ఆకు ఈనెలు మాత్రము ఆకుపచ్చగనే యుండి, వలవలె కనబడును. చెట్టుకు బలము చాలలేదని రైతు మరికొంత యూరియా వేయును. గుణము కనబడదు. నీరు చాలలేదేమో యని పాదు నిండ నీరు పెట్టును. పసుపు మరింత ముదురును. తుదకు చెట్టు పనికిరాదని గొడ్డలి చేపట్టును. ఆ చెట్టునకు నిజముగా కొరవడిన దేమో తెలిసినచో గొడ్డలితో పని యుండదు.

చెట్టు నేలనుండి తినున దెంత? బెల్జియము దేశస్థుడగు వాన్ హెల్మాంటు దీనిని తూచి చూచెను. 200 పౌనుల పొడిమట్టిని ఒక తొట్టిలో పోసి, 5 పౌనుల నీరువంజి జాతి మొక్కను నాటి, ఐదేండ్లు నీరు మాత్రమే పోసెను. మొక్క 169 పౌనుల చెట్టయ్యెను. మట్టిని మరల ఎండబెట్టి తూచగా తగ్గినది రెండు ఔన్సులు మాత్రమే! ఈ వృత్తాంతము ఆయన మరణానంతరము 1648లో ప్రకటింపబడినది. చెట్టు నీటితోనే పెరుగునని ఆయన నిశ్చయించెను. ఆకులు గాలినుండి బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సూర్యరశ్మి సాయమున ఆహారము వండుకొనునని తరువాతివారు కనుగొనిరి. అయినను ఆ రెండు ఔన్సులను చిన్నచూపు చూడరాదు. నత్రజని, భాస్వరము, పొటాషు, ఇనుము, జింకు మొదలగునవి ఆ కొంచెములోనే యున్నవి. జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ (1803–1873) బోధించిన దేమనగా: పోషకములలో ఏది అన్నిటికంటె కొరవడినదో, పెరుగుదల దానిని బట్టియే యుండును. ఎద్దులెంత బలమైనవైనను, చక్రము జారకుండ ఇరుసున గ్రుచ్చు చీల ఊడిన బండి సాగదు గదా!

పసుపెక్కిన బత్తాయికి ఊడిన చీల సాధారణముగా ఇనుము. పత్రహరితము తయారగుటకు ఇనుము అవసరము. పలనాటి నేలలో ఇనుము లేదా యనిన, కావలసినంత యున్నది. ఎర్రనేల ఎరుపుదనము దానివలననే కలిగినది. కాని వేళ్లు నీటిలో కరగిన దానినే పీల్చుకొనగలవు. సున్నము గల నేలకు క్షారగుణ ముండును. ఆ నేలలో ఇనుము త్రుప్పువలె మారి కరగక పడియుండును. గాదె నిండ గింజలుండి తాళపుచెవి పోయిన యింటి వంటిది ఆ చెట్టు పరిస్థితి.

పసుపెక్కిన ప్రతి ఆకునకును ఇదియే కారణమని తలపరాదు. ఏ ఆకు పసుపెక్కినదో ముందు చూడవలెను. నత్రజని చాలనప్పుడు చెట్టు ముదురాకులనుండి దానిని తీసి చిగుళ్లకు పంపును. కావున ముదురాకులు మొదట పాలిపోవును. ఇనుము ఒకసారి ఆకులో చేరినచో కదలదు. కావున లేతాకులే మొదట పాలిపోవును. ఆకులు సన్నబడి పొట్టివై గుబురుగా వచ్చినచో అది జింకు లోపము. రెండు లోపములు ఒకే చెట్టున నుండుటయు కలదు. కంటికి తోచిన దానిని నిర్ధారించుకొనుటకు మట్టి పరీక్ష చేయించుట మంచిది.

ఫ్రాన్సు దేశమున యూజేబ్ గ్రీ యను నతడు 1840ల దశకమున, పాలిపోయిన ఆకులపై ఇనుప లవణపు ద్రావణము పూసినచో అవి పచ్చబడునని చూపెను. మన పల్లెలలో అన్నభేది యని పిలుచునది అట్టి లవణమే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదిని, 1 గ్రాము నిమ్మఉప్పును కలిపి, ఎండ తగ్గిన పిమ్మట లేతాకులు తడియునట్లు చల్లుదురు. నిమ్మఉప్పులోని పులుపు ఇనుమును కరగియుండునట్లు చేయును. నిమ్మచెట్టు జబ్బునకు నిమ్మపులుసే తోడ్పడుట వింతయే! అదే అన్నభేదిని సున్నపు నేలలో పోసినచో అదియు త్వరలోనే కరగని ఇనుముగా మారిపోవును. చల్లిన కొన్ని దినములకు ఆకు మీద చుక్క పడినంత మేర మాత్రము పచ్చబడుట గమనింపవచ్చును. తరువాత వచ్చు చిగురునకు మరల చల్లవలసియే యుండును.

ఆకుమీది వైద్యము అప్పటి కక్కరకు వచ్చునదే. వేళ్లకు తాళపుచెవి నిచ్చునవి పశువుల ఎరువు, చెరువుమట్టి, పచ్చిరొట్ట. ఇవి కుళ్లునప్పుడు పుట్టు పదార్థములు ఇనుమును పట్టి కరగియుండునట్లు చేయును. గొర్రెల మందను చేనిలో కట్టించిన పెద్దల కీ రసాయన శాస్త్రము తెలియకపోయినను ఫలితము తెలియును. జనుము, జీలుగ, పిల్లిపెసర చెట్ల నడుమ చల్లి, పూతకు వచ్చినప్పుడు దున్నివేయుట ఖర్చు తక్కువైన పద్ధతి.

అంతమాత్రమున మిగిలిన ఎరువులు మానుమని కాదు. మామిడికి మొదటి యేట నత్రజని, భాస్వరము, పొటాషు ఒక్కొక్కటి 100 గ్రాముల చొప్పున ఇచ్చి, ఏటేట నూరేసి గ్రాములు పెంచుచు, పదవయేటికి ఒక్కొక్కటి కిలో వచ్చునట్లు చేయుట మన రాష్ట్రమున సిఫారసు. యూరియాలో నత్రజని నూటికి 46 వంతులే. కావున కిలో నత్రజనికి రెండు కిలోలకు పైగా యూరియా కావలెను. దానిని సున్నపు నేలపై చల్లి ఊరకుండినచో చాల భాగము అమోనియా వాయువై గాలిలో కలియును. మట్టి కప్పి నీరు పెట్టవలెను.

ఎరువును మొదలునకు ఆనించి పోయుట మరియొక పొరపాటు. ఆహారము పీల్చు సన్నని వేళ్లు మానును ఆనుకొని ఎక్కువగా ఉండవు. మధ్యాహ్నము కొమ్మల నీడ అంచు పడు మేర, మొదలునకు దూరముగా, చుట్టును నిస్సారమైన గాడి తీసి ఎరువు వేసి మట్టి కప్పవలెను. లోతుగా త్రవ్వినచో వేళ్లే తెగును.

ఇక నీరు. నల్లరేగడిలో నీరు నిలిచినచో వేళ్లకు గాలి యందదు. సున్నపు నేలలో ఇనుము పీల్చుట మరింత కష్టమగును. పాదులోని మట్టిని జానెడు లోతునుండి తీసి పిడికిట పట్టి చూచుట తోటమాలుల పరీక్ష. ముద్ద కట్టినచో నీరు పెట్టనక్కరలేదు; పొడిపొడిగా రాలినప్పుడు మాత్రమే కాలువ మడవ త్రిప్పవలెను.