గవ్వలతో ఊరి కథ ఆడదాం

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెచ్చారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావారు పాత్రలై, తామేం చేస్తారో చెబుతారు. ఫలితం పాచికలు తేలుస్తాయి. మనకు 4 గవ్వలు చాలు. రెండు వెల్లకిలా పడితే పని అయినట్టే, కష్టమైన పనికి మూడు పడాలి.

కిన్నెరసాని ఒడ్డున ఒక ఊరు గీయండి. బొడ్రాయి, చెరువు, బావి, అడవి దారి ఉండాలి. రాత్రిళ్లు బావిలోంచి మాటలు వినిపిస్తున్నాయి, పటేలు ఎవర్నీ అటు రానివ్వడం లేదు. అడవిలోనైతే రాక్షసుణ్ణి చంపి వెళ్లిపోవచ్చు. ఊళ్లో అబద్ధమాడితే ఆ మనిషే రేపు మళ్లీ ఎదురవుతాడు, రుచంతా అక్కడే!

పాత్రలు చీటీలు వేసి పంచండి. లేకుంటే పటేలు వేషం ఎప్పుడూ పదో తరగతి వాళ్లదే, జీతగాడి వేషం చిన్నపిల్లలదే. కథ నడిపేవారు ముగింపు ముందే అనుకోకూడదు. ఆరో తరగతి పటేలు బావి దగ్గరికి అందర్నీ రమ్మంటే, రానివ్వండి.