స్నానాలగది బాగు - ఒక్కొక్క పడుగుకు ఒక్కొక్క పని

మనవారు నేసిన తువాళ్లు ఎక్కడెక్కడి ఇండ్ల స్నానాలగదులలోనో వ్రేలాడుచుండును. షోలాపూరు టర్కీ తువాలుకు 2005-06లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కాని ఆ తువాలు నేసిన ఇంటి స్నానాలగదిలోకి తొంగిచూచినచో, పాచి పట్టిన నేల, పెచ్చులూడిన గోడ, కారుచున్న కొళాయి, తలుపునకు మారుగా ఒక గోనెపట్టా కానవచ్చును. షోలాపూరైనను, భీవండియైనను, సేలమైనను, బరంపురమైనను, మన ఇండ్లలో డబ్బు ముందు మగ్గమునకు, తరువాత పిల్లల చదువులకు, ఆపైన పెండ్లిండ్లకు పోవును. స్నానాలగది వంతు వచ్చుసరికి చేతిలో ఏమియు మిగులదు.

ఇది ఎవరినో ఆక్షేపించుటకు వ్రాయుచున్న మాట కాదు. ముందు మా ఇంటి సంగతియే చెప్పుకొందుము.

షోలాపూరులో మా ఇల్లు తాతగారి నాటిది. మగ్గాల గదికిని స్నానాలగదికిని నడుమ ఒకటే గోడ. మూడేండ్ల క్రిందట ఉగాదికి ఇంటికి రంగులు వేయించుచు, స్నానాలగది గోడలకు కూడ లేత నీలిరంగు నూనె పెయింటు వేయించితిమి. వచ్చినవారెల్లరు మెచ్చుకొనిరి. దసరా నాటికి ఆ రంగు పొక్కులు కట్టి రాలసాగినది. కొళాయి కారుట ఎప్పటివలెనే ఉన్నది. నేలమీద నీరు నిలుచు పల్లమును ఎప్పటివలెనే ఉన్నది. ఆ దీపావళినాడు ఇంటిల్లిపాదికి తలంట్లు అయిన పిమ్మట, అందరికంటె చివర స్నానమునకు పోయిన మా తల్లిగారు నూనెజిడ్డుమీద కాలుజారి పడిరి. కుడి మణికట్టు విరిగినది. ఆరు వారములు కట్టు.

ఆమె కండెలు చుట్టనిదే మా మగ్గము సాగదు. కండెలు బయట కూలికి చుట్టించితిమి. వైద్యపు ఖర్చు, కండెల కూలి, నిలిచిపోయిన నేత అన్నియు లెక్కవేయగా, ఆ డబ్బుతో నేల రెండుమారులు వేయించుకొనియుండవచ్చునని తేలినది. మంచముమీదనుండి మా తల్లిగారు ఒక్కమాటయే అన్నారు: "తెగిన పోగు అతకకుండ పైన గంజి పెడితిరి కదరా!"

కిటుకంతయు ఆమె మాటలోనే ఉన్నది. ముందు నీరు, తరువాత నేల, కట్టకడపట గోడలు, సొగసు. ఈ వరుస తప్పకున్నచో ఒకేసారి పెద్ద మొత్తము అక్కరలేదు. పడుగు దిగి కూలి చేతికి వచ్చినపుడెల్ల ఒక్కొక్క పని పెట్టుకొంటిమి. మూడు పడుగులలో గది బాగుపడినది. వారపు కూలిమీద నడచు ఇండ్లవారు కూడ ఇదే వరుస పాటింపవచ్చును.

మొదటి పడుగు: నీరు

రాత్రి పడుకొనబోవునపుడు కొళాయి క్రింద ఒక చెంబు పెట్టి, తెల్లవారి చూడుడు. చెంబు నిండినచో మీ గోడ తేమకు ఒక కారణము దొరకినట్లే. చాలవరకు అరిగినది లోపలి వాషరు మాత్రమే. దానికయ్యేది కొద్ది రూపాయలు. పైనుండి వచ్చు నీరు కట్టివేసి, కొళాయి తల విప్పి, పాతదానిని చూపి అదే కొలతది తెచ్చుకొనవలెను. మరలు కలియుచోట కారుచున్నచో టెఫ్లాన్ టేపు చుట్టి బిగింపవలెను.

పిమ్మట తూము. మన ఇండ్లలో తూమును మూయునవి తలవెంట్రుకలు, కుంకుడు పిప్పి, నలుగుపిండి. పైజల్లెడ తీసి చేతితో తీయగలిగినది తీసివేసి, చాకలిసోడా కలిపిన వేడినీరు పోయవలెను. దుర్వాసన వచ్చుచున్నచో నహానీ ట్రాపు చూడుడు. దానిలోని డిప్పలో నీరు నిలిచియుండవలెను. ఆ నీరే మురుగు కాలువ గాలిని, బొద్దింకలను పైకి రానీయక ఆపును. నీరు తొందరగా పోవునని ఆ డిప్పను తీసి పారవేయు ఇండ్లు మేము చూచితిమి. నీరు తొందరగా పోవును గాని వాసన అంతకంటె తొందరగా వచ్చును.

గోడ తేమ లోపలినుండియా, పైనుండియా తెలిసికొనుటకు ఒక సులువైన పరీక్ష కలదు. ఒక పాలిథీన్ ముక్కను గోడకు నాలుగువైపుల గట్టిగా అతికించి ఒకరోజు ఉంచుడు. ముక్క వెనుక చెమ్మ చేరినచో తేమ గోడలోనిది. ముక్క పైన చేరినచో గదిలోని ఆవిరిది; దానికి గాలి ఆడనిచ్చిన చాలును. మా ఇంట చెమ్మ వెనుకనే చేరినది. గోడయు నేలయు కలియుచోట సన్నని బీట ఉన్నది. దానినుండి దిగిన నీరే మగ్గాల గదిలో పడుగును మెత్తబరచుచున్నది. గుంటమగ్గములున్నవారికి ఇది మరింత కీడు. ఆ నీరు చివరకు గుంటలోనే ఊరును.

రెండవ పడుగు: నేల

మేస్త్రీని పిలుచుటకు ముందు ఒక బకెట్టు నీరు నేలమీద పోసి, అది ఎక్కడ నిలుచునో సుద్దముక్కతో గుర్తు పెట్టుకొనుడు. తూమువైపు వాలు అడుగుకు పావు అంగుళము చొప్పున ఉన్న చాలును. పాత నేలను గాట్లు పెట్టి, తడిపి, సిమెంటు పాలు పూసి, ఒకపాలు సిమెంటుకు నాలుగుపాళ్లు ఇసుక చొప్పున కలిపి వేయవలెను. గోడయు నేలయు కలియు మూలను కోణముగా విడువక గుండ్రముగా తీర్పించుడు; అక్కడ మరల బీటపడదు, మురికి చేరదు. పైభాగమును అద్దమువలె నునుపు చేయనీయవద్దు. తడిగా ఉండగనే చీపురుతో గీతలు తీయించినచో కాలికి పట్టు దొరకును. ఏడు రోజులు నేలను తడిపి ఉంచవలెను. ఆ వారము ప్రక్కింటివారిని అడిగి స్నానములు కానిచ్చుకొంటిమి.

బండలు బాగుండి సందులు మాత్రమే అరిగినచో, సందులు గీకి తెల్లసిమెంటు నింపిన చాలును. మేస్త్రీ కూడ అక్కరలేదు.

అదే రోజున గోడకు ఒక ఇనుపగొట్టము, చేయి పట్టుకొనుటకు, లోతుగా నాటించితిమి. తువాళ్లు వేసికొను కడ్డీ మనిషి బరువు మోయదు. ఇంట పెద్దవారున్నచో మిగిలిన పనులు ఆగినను ఇది ఆగరాదు. తలంటు అయిన వెంటనే నేలమీద సున్నిపిండి చల్లి, జిడ్డు పీల్చుకొన్న తరువాత చీపురుతో రుద్ది కడుగుట కూడ మా ఇంట నియమమైనది.

మూడవ పడుగు: గోడలు, వెలుతురు

నూనె పెయింటు గోడలోని తేమను బయటికి పోనీయదు, అందువలననే పొక్కినది. దానిని గీకివేసి, గోడను కొన్ని వారములు ఆరనిచ్చి, సున్నము వేసితిమి. సున్నము తేమను ఆరనిచ్చును, బూజును త్వరగా పట్టనీయదు. తడిపి నాననిచ్చిన సున్నమును పాత పంచెలో వడగట్టి, కొంచెము తుమ్మజిగురు, చిటికెడు నీలిమందు కలిపి, పలుచగా మూడు పూతలు వేయవలెను. చిక్కగా ఒకే పూత వేసినచో పెచ్చులూడును. సున్నము కంటిలో పడినచో ప్రమాదము; కళ్లద్దములు పెట్టుకొని వేయుడు.

పెంకుటింట ఒక పెంకు తీసి గాజుపెంకు పెట్టినచో పగలు దీపము అక్కరలేదు. దీపపు స్విచ్చి గది బయటనే ఉండవలెను. నీరు కాచు రాడ్డును, స్విచ్చి ఆపి ప్లగ్గు ఊడదీసిన తరువాత గాని ముట్టరాదు. కరెంటు కారినంతనే సరఫరా నిలిపివేయు ఇ.ఎల్.సి.బి.ని ఇంటికి ఒకటి పెట్టించుకొనుట మేలు. తలుపు అడుగు చివికినచో క్రింది జానెడు భాగమునకు రేకు కొట్టించిన చాలును, తలుపు మార్చనక్కరలేదు.

చేయరాని పనులు

ఆసిడ్డును, బ్లీచింగు పౌడరును ఎన్నడును కలుపరాదు. కలిపినచో విషవాయువు పుట్టును; చిన్న గదిలో అది ప్రాణాపాయము. వట్టి ఆసిడ్డైనను సిమెంటు సందులను తినివేయును, అరచేతులను పగులగొట్టును. పగిలిన చేతికి పట్టుపోగు ఎట్లు తగుల్కొనునో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఉప్పునీటి తెల్లమచ్చలకు చింతపండు గాని నిమ్మ ఉప్పు గాని రుద్ది కడిగిన చాలును.

ఇంటిలోనే నూలుకు రంగు వేయువారు హైడ్రోసును, కాస్టిక్ సోడాను స్నానాలగది గూటిలో పెట్టుట కలదు. హైడ్రోసు తేమ తగిలినచో వేడెక్కి మండవచ్చును. కాస్టిక్కు పిల్లల చేతికందినచో చెప్పనక్కరలేదు. రెండింటిని మూతబిగించి, పొడిచోట, ఎత్తున ఉంచవలెను.

అద్దె ఇండ్లవారు నేల పని ఇంటియజమానితో మాట్లాడి చేయించుకొనుడు. వాషరు, తూము, శుభ్రత మాత్రము ఎవరి అనుమతికిని ఆగనక్కరలేదు.

మా గది ఇప్పుడు చూచుటకు గొప్పదేమియు కాదు. తెల్లని గోడలు, గీతల నేల, ఒక ఇనుపగొట్టము. రెండు వానకాలములు గడచినను మగ్గాల గది గోడ పొడిగానే ఉన్నది. మా తల్లిగారు మరల కండెలు చుట్టుచున్నారు. మచ్చపడి అమ్ముడుపోని తువాళ్లే ఇంటికి వాడుకొనుట మాకు ఏనాటినుండియో అలవాటు. ఈ యేడు ఉగాదికి ఆమె పట్టుబట్టి, మంచి సరుకులోనుండి ఒకటి తీయించి తలుపు వెనుక వేయించిరి. అది లెక్కలో ఖర్చుక్రింద వ్రాసికొంటిమి.