మాత్ర మానిపించే ముందు మన నర్సు బిడ్డలను అడుగుదాం

"వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అని నవ్వుకోవడం మన నాగర్‌కర్నూల్ వైపు మామూలే. నర్సింగు చదివే మన సంఘాల ఆడపిల్లలు మాత్రం అలాంటి మానసిక చికిత్సాలయాలకే శిక్షణకు వెళ్లవలసి ఉంటుంది. బీఎస్సీ నర్సింగు మూడో ఏట మానసిక ఆరోగ్య నర్సింగు తప్పనిసరి పాఠం. పరీక్షలు దగ్గరపడితే మందుల పేర్లు వల్లె వేస్తుంటారు. పేర్ల కంటే ముందు వారు గట్టిగా పట్టుకోవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈ మందు ఆపితే ఏమవుతుంది? ఆ ప్రశ్న సంఘానికీ కావాలని మా అభిప్రాయం.

దాని జవాబును మన పాలమూరు కళ్లారా చూసింది. 2015 సెప్టెంబరులో, నాగర్‌కర్నూల్ ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్న రోజుల్లో, ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు చేసింది. మంచి పనే. కానీ ఆ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు. ఏళ్ల తరబడి తాగిన కూలీలకు, ముసలివారికి, ఆడవారికి అది ఒక్కసారిగా దొరక్కుండా పోయింది. చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు, లేనివి కనిపించాయి, కొందరికి ఫిట్స్ వచ్చాయి. మహబూబ్‌నగర్, నిజామాబాదు జిల్లాల్లో వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు. చూసినవారు పిచ్చి అన్నారు, దయ్యమన్నారు.

రెండూ కాదు. అల్ప్రాజోలం మెదడు ఉద్రేకాన్ని అణచిపెడుతుంది. రోజూ పడుతుంటే మెదడు దానికి అలవాటు పడుతుంది. హఠాత్తుగా తీసేస్తే అణచిపెట్టిన ఉద్రేకమంతా ఒక్కసారి లేస్తుంది. అందుకే వైద్యులు అదే జాతికి చెందిన, ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డైజిపాం వంటిది ఇచ్చి మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఆ వేళ నర్సు శ్వాస లెక్కపెట్టాలి, ఫిట్స్ వస్తే కింద పడకుండా చూడాలి. అన్నిటికంటే ముందు "ఆఖరిసారి కల్లు ఎప్పుడు తాగావు పెద్దయ్యా?" అని కోప్పడకుండా అడగాలి. కోప్పడితే నిజం చెప్పడు.

లిథియం సంగతి వేరు. ఉన్మాదం, కుంగుబాటు మారి మారి వచ్చేవారికి ఇది ఇస్తారు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దీని గుణాన్ని వెల్లడించాడు. రక్తంలో సాధారణంగా లీటరుకు 0.6 నుండి 1.2 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండాలి, 1.5 దాటితే విషం కావచ్చు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే లిథియం పేరుకుంటుంది. మే నెల ఎండలో చేను పనికి వెళ్లేవారు, ఒంటినొప్పులకు దుకాణంలో డైక్లోఫెనాక్ కొనుక్కునేవారు జాగ్రత్తగా ఉండాలి. నీళ్లు కూడా ముట్టని ఉపవాసం వీరికి ప్రమాదమని కాపరులు తెలుసుకోవాలి. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు, తడబడే నడక, ముద్దగా వచ్చే మాట కనిపిస్తే ప్రార్థన ఆస్పత్రి దారిలో చేసుకోవచ్చు.

హాలోపెరిడాల్ తీసుకున్న కొందరికి మెడ ఒక పక్కకు తిరిగిపోతుంది, కనుగుడ్లు పైకి వెళ్లిపోతాయి. ఇంట్లోవాళ్లు హడలిపోతారు. అది మందు దుష్ప్రభావం. ప్రొమెథజిన్ వంటి ఇంజెక్షనుతో త్వరగానే సర్దుకుంటుంది. క్లోజపిన్ వాడేవారికి జ్వరం, గొంతునొప్పి వస్తే తెల్ల రక్తకణాలు చూడాలి. కుంగుబాటు మందులు పనిచేయడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. ఈ తొలి వారాల్లో, ముఖ్యంగా యువతలో, చావు ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉంది గనుక మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇల్లాళ్లు ఈ ఒక్కటి గుర్తుంచుకున్నా చాలు.

ఇక మన కూటముల సంగతి. స్వస్థత పొందానని సాక్ష్యం చెప్పి మాత్రలు మానేసేవారు ఉన్నారు. మతిభ్రమ మందులు మానిన మర్నాడే చాలామందికి తేడా తెలియదు. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు బాగానే గడుస్తాయి. సాక్ష్యం వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. జబ్బు తిరగబెట్టేటప్పటికి కూటం సర్దుకుని వెళ్లిపోయి ఉంటుంది, ఇంటివారే మిగులుతారు. లూకా వైద్యుడని మనకు తెలిసిందే. మందుకూ విశ్వాసానికీ తగాదా పెట్టింది మనమే. రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ప్రార్థన కోసమని కట్టినా అదే చట్టం.

నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి, ఇదివరకటిలా ప్రతిదానికీ హైదరాబాదు బస్సెక్కనక్కరలేదు. రాత్రివేళైనా 14416కు ఫోను చేస్తే టెలి మానస్ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు. ఆ అంకెను గుడి నోటీసు బోర్డు మీద రాయించండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక, సెలవులకు వచ్చిన నర్సింగు విద్యార్థినికి పది నిమిషాలు ఇచ్చి ఈ మందుల సంగతి చెప్పించండి. పరీక్షకు ఆమెకూ పునశ్చరణ అవుతుంది.