చప్పట్ల పరీక్షతో సరిపెట్టుకోకండి



నేను నర్సింగ్ చదివిన రోజుల్లో పసిబిడ్డకు చెవులు వినబడుతున్నాయో లేదో చూడడానికి మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. బిడ్డ వెనకాల నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళం. తల తిప్పితే "పర్వాలేదమ్మా" అని పంపేసేవాళ్ళం. అలా నేను ధైర్యం చెప్పి పంపిన ఒక పిల్లవాడిని మూడేళ్ళ తర్వాత వాళ్ళ అమ్మమ్మ తీసుకొచ్చింది. వాడికి ఒక్క మాట కూడా రాలేదు. "మీరే బాగున్నాడన్నారు కదా సిస్టరమ్మా" అంది. నేనేమీ చెప్పలేకపోయాను.

పొరపాటు ఎక్కడ జరిగిందో తర్వాత ఒక ఆడియాలజిస్టు గారు విడమరచి చెప్పారు. చప్పట్ల గాలి మెడకు తగిలినా, నీడ కదిలినా బిడ్డ తిరిగి చూస్తాడు. పెద్ద శబ్దం వినబడి "స", "శ" వంటి సన్నని ధ్వనులు వినబడని పిల్లలూ ఉంటారు. నాకు నేర్పిన పాఠం పాతబడిపోయింది, నేను కొత్తది నేర్చుకోలేదు. అంతే.

ఆడియాలజీ అంటే వినికిడి శాస్త్రం. చెవి డాక్టరు గారు వేరు, ఆడియాలజిస్టు వేరు. రెండవ ప్రపంచయుద్ధంలో వినికిడి దెబ్బతిన్న అమెరికన్ సైనికులకు డెషాన్ సైనిక ఆసుపత్రిలో సేవ చేసిన రేమండ్ కార్‌హార్ట్, తిరిగి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి వచ్చి ఆ అనుభవాన్నే పాఠంగా చెప్పారు. ఈ చదువుకు ఆయనను పితామహుడంటారు. మన దేశంలో 1965లో మైసూరులోనూ, 1983లో ముంబయిలోనూ జాతీయ సంస్థలు వచ్చాయి. ముంబయి సంస్థకు పెట్టిన పేరు మన హైదరాబాదు వారైన అలీ యావర్ జంగ్‌ది. ఆయన ఒకప్పుడు ఉస్మానియా వైస్ ఛాన్సలర్. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది.

బి.ఎ.ఎస్.ఎల్.పి. డిగ్రీ మూడేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఇది నేర్పే గురువుల పని బ్లాక్ బోర్డు దగ్గర ఆగిపోదు. విద్యార్థి ఆడియోమీటరు ముందు కూర్చుంటే పక్కన నిలబడి ప్రతి గుర్తూ సరిచూడాలి. ఇంకో చిక్కుంది. మాటలు వినిపించి చేసే పరీక్షకు ఇంగ్లీషు మాటలు మన గంపలగూడెం తాతయ్యకు ఏం పనికొస్తాయి? అందుకే తెలుగు మాటల జాబితాలు తయారుచేయవలసి వచ్చింది. గురువులు దగ్గరుండి చేయించే ఇలాంటి పరిశోధనలే మనకు ఎక్కువ మేలు చేస్తాయని నా అభిప్రాయం.

వాళ్ళు కూడా చదువుతూనే ఉండాలి. 1992 చట్టం ప్రకారం ఆడియాలజిస్టులు భారత పునరావాస మండలి రిజిస్టరులో నమోదు కావాలి. ఆ నమోదు కొనసాగాలంటే సదస్సులకు, తరగతులకు హాజరై పాయింట్లు తెచ్చుకోవాలి. కాబట్టి హియరింగ్ ఎయిడ్ కొనేముందు పరీక్ష చేసినవారి రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మొహమాటపడవద్దు.

ఇప్పుడు బిడ్డ నిద్రపోతుండగానే చేసే ఓ.ఎ.ఇ., బెరా పరీక్షలున్నాయి. నొప్పి ఉండదు. నెల లోపల మొదటి పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చికిత్స మొదలవ్వాలని నిపుణులు చెబుతారు. మేనరికం పెళ్ళి అయినా, బిడ్డ బరువు బాగా తక్కువున్నా, పుట్టాక పచ్చకామెర్లు ఎక్కువైనా మరీ జాగ్రత్త.

ఇలాంటి బిడ్డలకు మా ప్రసూతి వార్డులో డిశ్చార్జి రోజున వినికిడి పరీక్షకు చీటీ రాసిస్తున్నాము. విజయవాడ వెళ్ళే బస్సు ఛార్జీలకు ఇబ్బందైతే చీటీ దాచేయకండి, నా గదికి వచ్చి చెప్పండి.