పంపకపు సాఫ్ట్‌వేరుకు చోటియ్యవచ్చునా?

ఒక గ్రామమునకు తాళపత్ర గ్రంథమొకటి వచ్చినదనుకొనుడు. దానికి ప్రతి కావలసినవారు పదిమంది కలరు. ఒకరి తరువాత ఒకరు మొదటి ఆకు నుండి చివరి ఆకు వరకు వ్రాసికొన్నచో పదవవాని వంతు వచ్చుసరికి ఏడాది గడచును. అట్లుగాక ఆకులను పదిమందికి పంచి, ఎవరు వ్రాసికొన్న దానిని వారు తక్కినవారికి అందించుచు పోయినచో పని వారములలో ముగియును. కోరువారు పెరిగినకొలది పని త్వరపడునే కాని మందగింపదు. 2001లో బ్రామ్ కోహెన్ అను అమెరికను రచించిన బిట్‌టొరెంటు ఈ రెండవ పద్ధతిలోనిదే.

ఇందు ఫైలును చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు వ్రేలిముద్ర వంటి సంఖ్యను కట్టి ముందుగానే ప్రకటింతురు. తెచ్చుకొనువాని కంప్యూటరు ముక్కలను పలువురి యొద్దనుండి గ్రహించి, ముద్ర సరిపోనిదానిని పారవేయును. ఎవరి యొద్దను అంతగా లేని ముక్కను ముందు సంపాదించుట, తనకిచ్చువారికి తాను ముందిచ్చుట ఇందలి మర్యాదలు. అందరును ఇచ్చువారే, అందరును పుచ్చుకొనువారే గనుక దీనికి పీర్-టు-పీర్ అని పేరు. దెబియన్, ఉబుంటు మొదలగు లినక్సు సంపుటములు ఈ మార్గమున లభించుచున్నవి. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుండి తన భాండాగారములోని పుస్తకములను, సంగీతమును ఇట్లు కూడ అందించుచున్నది. పెండ్లివారు నడచిన బాటనే దొంగయు నడచునన్నట్లు, నిన్న విడుదలయైన చలనచిత్రము అనుమతి లేకయే ఈ దారినే పోవుచున్నది.

ఇక చిక్కు ఎక్కడనగా, ఈ సాఫ్ట్‌వేరులలో పెక్కింటి సోర్స్ కోడ్ బహిరంగము. వ్రాసినవారు తరచుగా జీతము లేని ఔత్సాహికులు. కోడ్‌ను భద్రపరచి, మార్పులను కూర్చి, లోకమునకు అందించుటకు వారికొక నెలవు కావలయును. 1999లో వెలసిన సోర్స్‌ఫోర్జ్ అట్టి నెలవు. వేలకొలది ఓపెన్ సోర్స్ ప్రయత్నములకు అది ధర్మసత్రము వంటిదైనది. ఆ సత్రములో అత్యధికముగా దిగుమతి యైనవానిలో ఈమ్యూల్ అను పంపకపు సాఫ్ట్‌వేరు ఒకటి. 2002లో మొదలైన దీని దిగుమతులు కాలక్రమమున అరవై కోట్లు దాటినవి. ఒక్క అతిథి మీద వచ్చిన వ్యాజ్యము సత్రమునంతటిని మూయించినచో, నిఘంటువు వ్రాసికొనువాడు, లెక్కల సాఫ్ట్‌వేరు చేసికొనువాడు ఏ పాపమెరుగకయే వీధిన పడుదురు గదా! ఈ భయము ఉత్తది కాదు. అనుమతి లేకుండ పాటలను పంచుకొనువారికి తోడ్పడుచున్నారని ఫ్రాన్సులోని గ్రామఫోను రికార్డుల నిర్మాతల సంఘమొకటి, షేరాజా అను సాఫ్ట్‌వేరుకు చోటిచ్చిన కారణమున సోర్స్‌ఫోర్జ్‌ను సయితము న్యాయస్థానమునకు ఈడ్చినది. అంతకుముందే, 2006లో, అనుమతిలేని పంపకమునకే స్పష్టముగా ఉద్దేశింపబడిన సాఫ్ట్‌వేరును తెలిసి అందించుట నేరమని ఆ దేశము శాసనము చేసి యుండెను.

అమెరికాలో వాదము వేరొక త్రోవను నడచినది. 1984లో సోనీ వీడియో రికార్డరు వ్యాజ్యమున అచ్చటి సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, న్యాయమైన ఉపయోగము గణనీయముగా గల పరికరమును అమ్మినంత మాత్రమున అమ్మినవాడు దోషి కాడని తేల్చినది. 2005లో గ్రోక్‌స్టర్ వ్యాజ్యమున అదే న్యాయస్థానము ఏకగ్రీవముగా మరియొక మాట చేర్చినది: పరికరము నిర్దోషమైనను, హక్కుల ఉల్లంఘనకు జనులను పురికొల్పి దానిని పంచినవాడు బాధ్యుడే. గ్రోక్‌స్టర్ వారు, 2001లో మూతపడిన నాప్‌స్టర్ వాడుకరులను తమవైపు త్రిప్పుకొన జూచిరి. వారిని పట్టియిచ్చినది వారి కోడ్ కాదు, వారి మాటలు. ఈ తీర్పుపై ఎవరెన్ని వ్యాఖ్యలు చేసినను, సత్రాధికారికి ఇంతకంటె పనికివచ్చు కొలబద్ద నాకు కనబడలేదు.

కొందరు ఓపెన్ సోర్స్ అభిమానులు దీనికి వెలుపలనే నిలిచి, ఓపెన్ సోర్స్ నిర్వచనములోని ఆరవ నియమమును చూపుదురు. ఏ రంగమున వాడరాదని లైసెన్సులో ఆంక్ష పెట్టరాదని దాని భావము. నిజమే, కాని అది లైసెన్సుకు నియమము, సత్రాధికారికి కాదు. వంటపుస్తకమును ఎవరైనను చదువవచ్చుననుట వేరు, ప్రతి గ్రంథాలయమును దానిని కొనితీరవలెననుట వేరు.

అయితే సాఫ్ట్‌వేరును తరిమివేసినచో ఏమగును? 2007 చివర షేరాజా అసలు చిరునామా మరియొక సంస్థ చేతబడి, అదే పేరుతో వేరొక సాఫ్ట్‌వేరు అచ్చట దొరకసాగినది. పేరు నమ్మి వచ్చిన సామాన్యునికి తేడా ఎట్లు తెలియును? 2004లోనే కోడ్ బహిరంగమై యుండుట వలనను, రచయితలకు సోర్స్‌ఫోర్జ్‌లో చోటుండుట వలనను అసలుది నిలిచినది. లైమ్‌వైర్ కథయు చూడదగినదే. 2010లో న్యాయస్థానపు ఉత్తర్వుతో దాని పంపిణీ ఆగినది. 2011లో పది కోట్ల యేబది లక్షల డాలర్లకు రాజీ కుదిరినది. కాని ఆ కోడ్ నుండి అంతకుముందే చీలిన ఫ్రాస్ట్‌వైర్ యథాప్రకారము నడచినది. బహిరంగ కోడ్‌ను ఊరి నుండి వెలివేయవచ్చును గాని లోకము నుండి వెలివేయుట సాధ్యము కాదు. నమ్మదగిన నెలవు మూతపడినచో, దాని నకలు ఏ దుష్టప్రోగ్రామునో వెంటబెట్టుకొని మరియొకచోట వెలియును.

కావున చోటియ్యవలసినదే యని నా అభిప్రాయము. పాట కట్టినవాని కష్టము నాకు తెలియక కాదు. అతని కూడు పోవుచున్న మాట నిజము. కాని అతనికి న్యాయము జరుగవలసినది దొంగ ప్రతిని పెట్టినవాని యొద్ద, దానికి పట్టికలు కట్టి పిలిచినవాని యొద్ద. అట్టి పట్టికలకు, అట్టి ప్రకటనలకు సత్రములో చోటుండరాదు. ఫిర్యాదు వచ్చినప్పుడు విచారించు పద్ధతియు ఉండవలయును. మన కాపీరైటు చట్టమునకు 2012లో జరిగిన సవరణ ఇట్టి మార్గమునే చూపినది: వ్రాతమూలకమైన ఫిర్యాదు అందినపుడు ప్రతిని ఉంచినవాడు 21 దినములు దానిని నిలిపివేయవలయును, ఆ గడువులో న్యాయస్థానపు ఉత్తర్వు రానిచో మరల తెరవవచ్చును.

పంపకపు సాఫ్ట్‌వేరు కాకపోయినను దాని చుట్టమే యైన యూట్యూబ్-డిఎల్ విషయమున 2020లో ఇట్టిదే జరిగినది. దృశ్యములను యూట్యూబ్ నుండి దింపుకొనుటకు అది సాధనము. అక్టోబరులో అమెరికా రికార్డు సంస్థల సంఘము కోరగా గిట్‌హబ్ దానిని తొలగించినది. ఫిర్యాదుదారులు చూపినవానిలో దాని పరీక్షల భాగమొకటి. సాఫ్ట్‌వేరు సరిగా పనిచేయుచున్నదో లేదో చూచుటకు రచయితలు అందు కొన్ని ప్రసిద్ధ గాయకుల పాటలను ఉదహరించి యుండిరి. ఆ పంక్తులను తీసివేసిరి. నవంబరు 16న గిట్‌హబ్ దానిని మరల తెరచి, ఇట్టి రచయితల న్యాయసహాయమునకు పది లక్షల డాలర్ల నిధిని ప్రకటించినది. తక్కిన కోడ్ ఉన్నది ఉన్నట్లే యున్నది.