పాడి పశువుల కొట్టం నుండి బ్లూస్ పాట వరకు

బెంగళూరు నగరంలో పాశ్చాత్య సంగీతానికి ఆదరణ కొత్తది కాదు. క్రానిక్ బ్లూస్ సర్కస్ వంటి స్థానిక బృందం బ్లూస్ సంగీతాన్ని తన పేరులోనే నిలుపుకొన్నది. కుప్పం, హిందూపురం ప్రాంతాల నుండి చదువుకో, కొలువుకో ఆ నగరం చేరిన యువత వినే ఈ పాటలు ఊళ్లోని పెద్దలకు అర్థంకాని రొదగా తోచవచ్చు. అయితే బాబ్ మార్లీ, బి.బి. కింగ్ పేర్లు తెలిసిన యువకులు సైతం తగినంతగా పట్టించుకోని గాయకుడు ఒకరున్నారు. ఆయన పాటకు నగరం కంటె పాడి రైతు ఇల్లే దగ్గర.

ఆయన పేరు తాజ్ మహల్! 1942లో న్యూయార్క్‌లో జన్మించిన ఈ నల్లజాతి అమెరికన్ అసలు పేరు హెన్రీ సెయింట్ క్లెయిర్ ఫ్రెడరిక్స్. గాంధీజీని, భారతదేశాన్ని గురించి వచ్చిన కలల వల్ల ఈ పేరు పెట్టుకొన్నట్లు ఆయన చెప్పుకొన్నారు. పదకొండవ ఏట తండ్రి ట్రాక్టరు ప్రమాదంలో మరణించారు. కౌమారంలోనే మసాచుసెట్స్‌లోని ఒక పాడి క్షేత్రంలో పనికి కుదిరి, తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి, రోజుకు 35 నుండి 70 ఆవుల పాలు పితికేవారు. విశ్వవిద్యాలయంలో చదివినది కూడా పశుపోషణ శాస్త్రమే.

బ్లూస్ అమెరికా దక్షిణాది పత్తి చేలలో, బానిసత్వం నుండి బయటపడిన నల్లవారి శ్రమలో పుట్టిన పాట. ఒక చరణాన్ని రెండుమార్లు పాడి, మూడవ చరణంలో దానికి బదులు చెప్పడం అందులో తరచుగా కనిపించే పద్ధతి. స్వరాన్ని నిలకడగా పట్టక కొంచెం వంచి పాడతారు. గమకం ఎరిగిన చెవికి ఇది వింత కాదు. రెగె 1960ల చివర జమైకాలో రూపుదిద్దుకొన్నది. నాలుగు లెక్కల ఆవర్తంలో సాధారణంగా మొదటి లెక్కకు బలం ఉంటుంది. రెగెలో పేరుపొందిన ఒక నడకలో ఆ మొదటి లెక్కను ఖాళీగా వదలి, మూడవ లెక్కపై డ్రమ్ము దెబ్బ వేస్తారు. రెండవ, నాలుగవ లెక్కలపై గిటారు తుంచినట్లు మోగుతుంది. ఊగుతున్నట్లుండే ఆ నడకకు కారణం ఇదే.

ఆఫ్రికా నుండి బలవంతంగా తరలించబడినవారి సంతతే ఈ రెండింటికీ మూలం. తాజ్ మహల్ ఇంట ఆ రెండు పాయలూ కలిశాయి. తల్లిది అమెరికా దక్షిణాది, తండ్రి వంశం కరీబియన్ దీవులది. ఇంట్లోని షార్ట్‌వేవ్ రేడియో దేశదేశాల పాటలను వినిపించేది. కనుక 1974లో వెలువడిన 'మో రూట్స్' ఆల్బంలో ఆయన రెగెను చేపట్టడం మోజుతో చేసిన పని కాదు. అందులో మార్లీ పాట కూడా ఉన్నది. అదే ఏట ఎరిక్ క్లాప్టన్ పాడిన మార్లీ పాట ఒకటి అమెరికాలో ప్రథమ స్థానానికి చేరింది. తాజ్ మహల్ ఆల్బం మాత్రం అంతటి ప్రచారం పొందలేదు. గ్రామీ పురస్కారాలు తరువాతి కాలంలో వచ్చాయి. అయినా బ్లూస్ అభిమానులకు ఆయన మరీ దీవులవాడు, రెగె అభిమానులకు మరీ బ్లూస్‌వాడు! ఈ పేచీయే ఆయనకు అన్యాయం చేసింది. ఇంట తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే సరిహద్దు కుటుంబాలకు ఇటువంటి కలయిక తప్పుగా తోచదు.

కొత్తగా వినదలచినవారికి 1995లో వెలువడిన 'ముంతాజ్ మహల్' మంచి ప్రవేశం. అందులో మోహనవీణపై విశ్వమోహన్ భట్, చిత్రవీణపై మైసూరులో జన్మించిన రవికిరణ్ ఆయనకు తోడయ్యారు. చిత్రవీణకు మెట్లుండవు, తీగెలపై నున్నని దిమ్మెను జార్చి స్వరం పలికిస్తారు. అమెరికా పల్లెల బ్లూస్ గాయకులు సీసా మెడను వేలికి తొడిగి గిటారుపై చేసినదీ ఆ పనే.