పిస్టను ఎక్కించే పని

మా ఊరు కాలవ చివర. పై ఊళ్ల మడులన్నీ తడిసి ఏమైనా మిగిలితే ఆ నీళ్లు మావి. అందుకే కరెంటు మోటార్లు వచ్చినా మా పాత ఆయిలింజనుకి మేం రిటైర్మెంటు ఇవ్వలేదు. మురుగు కాలవ గట్టున దాన్ని పెట్టి తోడితేనే వరికి చివరి తడులు. ఇంగ్లండులోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ వారు చేసిన నమూనాను చూసి రాజ్‌కోట్‌లో పోతపోసిన రకం ఇది. సిలిండరు ఒక్కటే. వ్యాసం 114 మిల్లీమీటర్లు, పిస్టను నడక 140, నిమిషానికి సుమారు 600 చుట్లు. నిరుడు పైరు పొట్ట మీదుండగా నల్లగా పొగ చిమ్మి, ఆయిలు తాగి, చివరకు మొరాయించింది. లైనరు, పిస్టను, రింగులు మార్చక తప్పదన్నారు మేస్త్రీ గారు. ఆయనకి స్పానర్లు అందిస్తూ చూసినదీ, క్లాసులో చదివినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పిస్టనునీ కనెక్టింగ్ రాడ్డునీ కలిపేది పిస్టన్ పిన్ను. కొత్త పిస్టను అల్యూమినియంది, పిన్ను ఉక్కుది. చల్లగా ఉన్నప్పుడు పిన్ను దూరదు. సుత్తితో కొడితే పిస్టను వంకర పోతుంది. మేస్త్రీ గారు పిస్టనుని మరిగే నీళ్లలో వేశారు. వేడికి అల్యూమినియం ఉక్కుకి దాదాపు రెట్టింపు సాగుతుంది. 30 మిల్లీమీటర్ల రంధ్రం 70 డిగ్రీల వేడికి 0.05 మిల్లీమీటరు పెరుగుతుందని మన లెక్క. ఆ కాస్తే చాలు, పిన్ను బొటనవేలితో నెడితే జారిపోయింది. రెండు వైపులా సర్‌క్లిప్పులు గాడిలో సరిగా కూర్చోవాలి. ఒకటి ఊడినా పిన్ను బయటికి జరిగి కొత్త లైనరుని గీరేస్తుంది.

రింగుల్ని పిస్టనుకి తొడిగే ముందు ఒక్కొక్కదాన్నే లైనరులో పెట్టి, కొసల మధ్య సందుని ఫీలర్ గేజితో కొలవాలి. చుట్టుకొలత 358 మిల్లీమీటర్లు. రింగు లైనరు కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే పోత ఇనుము 0.39 మిల్లీమీటరు సాగుతుంది. సందు అంతకంటే తక్కువైతే కొసలు ఢీకొని రింగు పట్టేస్తుంది. మరీ ఎక్కువైతే గాలి కిందికి జారిపోతుంది. డీజిలు మండేది నొక్కుడు వేడికే కాబట్టి అప్పుడు ఇంజను స్టార్టే కాదు. తొడిగాక ఒకదాని సందు కింద ఇంకొకదాని సందు రాకుండా తిప్పి పెట్టాలి.

తర్వాత అంతటా ఆయిలు పూసి, రింగుల్ని కంప్రెసరుతో బిగించి, సుత్తి కర్ర పిడితో మెల్లగా తట్టుతూ పిస్టనుని పైనుంచి దించాలి. రాడ్డు బోల్టులకి రబ్బరు గొట్టం ముక్కలు తొడిగారు, క్రాంకుకి గీత పడకుండా.

అసలు తగువు ఇక్కడే వచ్చింది. రాడ్డు కింది టోపీని పట్టుకునేవి రెండే బోల్టులు. “పాతవి బాగానే ఉన్నాయి కదా మేస్త్రీ, అవే వేసెయ్” అన్నారు నాన్న. పిసినారితనం అనుకోకండి, ఎరువుల కొట్లో బాకీ అప్పటికే చాలా ఉంది. మేస్త్రీ గారు పాత బోల్టుకి నట్టు ఎక్కించి చూపించారు. సగం దాకా వేళ్లతో తిరిగి అక్కడ ఆగిపోయింది. అంటే బోల్టు సాగింది. “ఇది తెగితే రాడ్డు ఇంజను పొట్ట చీల్చుకుని బయటికొస్తుందండీ. ఈ పంట దాని మీదే ఉంది, మీ ఇష్టం” అన్నారు.

ఆయన మాటకి నా దగ్గర లెక్క ఉంది. డీజిలు మండినప్పుడు పిస్టను కిందికి తోస్తుంది, ఆ బరువు క్రాంకు మీద పడుతుంది, బోల్టులకి పని లేదు. పొగ బయటికి పోయాక పై కొసన పిస్టను ఇంకా పైకే పోబోతుంది. దాన్ని వెనక్కి లాగేవి ఈ రెండు బోల్టులే. సెకనుకి 10 చుట్లు, క్రాంకు వ్యాసార్ధం 7 సెంటీమీటర్లు అనుకుంటే త్వరణం భూమ్యాకర్షణకి 28 రెట్లు. అంటే పిస్టను బరువు ప్రతి కిలోకీ 28 కిలోల లాగుడు. రాడ్డు పొడవుని కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంకా ఎక్కువే. నాన్న ఏమీ అనలేదు. డబ్బులిచ్చి నన్ను టౌను బస్సు ఎక్కించారు.

కొత్త బోల్టులతో, రాడ్డు మీది అంకె, టోపీ మీది అంకె ఒకే వైపు వచ్చేలా పెట్టారు. రెండూ కలిపి తొలిచినవి కాబట్టి తిరగేస్తే గుండ్రం తప్పుతుంది. షెల్లు వీపు పొడిగా తుడిచి, ముఖానికి మాత్రం ఆయిలు పూశారు. రెండు నట్లనీ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగిస్తూ, ప్రతిసారీ ఫ్లైవీలుని చేత్తో తిప్పి చూశారు. ఎక్కడా పట్టలేదు.

మొదట కొన్ని గంటలు పంపు బెల్టు వెయ్యకుండా నడిపి ఆయిలు మార్చాం. తీసిన ఆయిలు అడుగున సన్నటి ఇనుప పొడి మెరిసింది, రింగులూ లైనరూ ఒకదానికొకటి సర్దుకుంటున్న గుర్తు. మర్నాడు బెల్టు వేశాం. సాయంత్రానికి పై మడి తడిసింది.